నీటికుక్కల గోమార్లు ఏరే భాగ్యవ్వ

జక్రాన్‌పల్లి దాటిన కాసేపటికే మా బస్సు వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీలో కూడా గాలి లేదని డ్రైవర్ కాసేపు నసిగి ఒప్పుకున్నాక, మేమంతా దిగి హైవే పక్కన వేపచెట్టు నీడకు చేరాం. పొద్దున డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం మెట్లెక్కి వచ్చిన మోకాళ్ళు కాబట్టి నాకు ఆ నీడ దొరకడమే భాగ్యమనిపించింది.

బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న ఆడమనిషి వచ్చి కాస్త ఎడంగా కూలబడింది. అరవై ఏళ్ళుంటాయి. ఏళ్ళ తరబడి పసుపు పనిలో ఉన్నవాళ్ళకు గోళ్ళ అంచుల్లో దిగిపోయే రంగు ఒకటుంది, ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. అది ఆమెకు ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. కదిలినప్పుడల్లా లోపల సీసాలు గలగలమంటున్నాయి. అంతలో ఆమె ఫోను మోగింది.

“చెప్పు గంగాకిషనూ,” అంది. అవతలి మాట విని ఒక్కసారి నిటారుగా కూర్చుంది. “మూడా? సక్కగ లెక్కవెట్టినవా? పెద్దయిటిని గిన కలిపి చెప్తున్నవా ఏంది? పిల్లలే మూడా? జూడు, నీ మాట నమ్మి నేను ఉరికొస్తే గక్కడ రెండే ఉన్నయనుకో, నీ వల నేనే కోస్త.”

ఫోను పెట్టేసి ఎండలోకి చూస్తూ ఉండిపోయింది. నాకు అడగకుండా ఉండే అలవాటు లేదు.

“ఎవరైనా తప్పిపోయారా అమ్మా?”

“పిల్ల,” అంది. “నీటికుక్క పిల్ల.”

పక్కనే నిలబడ్డ పెద్దమనిషికి, ఆర్మూర్‌లో పసుపు కొని అమ్మే అడితి వ్యాపారమట, కుతూహలం ఆగలేదు. సంచి వైపు చూపిస్తూ, “గా సీసలల్ల ఏమున్నయవ్వా, తొక్కా?” అన్నాడు. ఆమె ఒక చిన్న సీసా తీసి ఆయన ముఖం ముందు పట్టింది. నీళ్ళలాంటి ద్రవంలో బూడిదరంగు గింజలు నాలుగు. “గోమార్లు. స్పిరిట్‌ల ఏసినయి. గియ్యి కుక్కయి, గియ్యి మేకయి. జర పట్టుకుంటవా సేటూ?” ఆ సేటు తన చేతిసంచి తీసుకుని చెట్టుకు అవతలి వైపు వెళ్ళిపోయాడు. నీడ మాకిద్దరికీ మిగిలింది.

రెండో బస్సు కోసం గంటపైన ఎదురుచూశాం. ఆమె పేరు భాగ్యవ్వ. ఆమె గురించి నాకు తెలిసిందంతా ఆ గంటలోనూ, తర్వాత ఆ పూటలోనూ విన్నదే.

గోమారి అంటే పశువుల ఒంటికి కరుచుకుని రక్తం తాగే పురుగు. కొన్ని జిల్లాల్లో పిడుదు అంటారు. నేను తిరిగినంత మేర దాన్ని మెచ్చుకున్నవాళ్ళు నాకు తగల్లేదు. భాగ్యవ్వ బతుకు మాత్రం దానితోనే మొదలైంది. పుట్టిల్లు జక్రాన్‌పల్లి దగ్గర. ఇంట్లో ఆరు బర్రెలు. ఆమెవి సన్నని వేళ్ళు. గోమారిని లాగితే దాని మూతి పశువు తోలులోనే తెగిపోయి పుండు పడుతుందనీ, మొదట్లో గోరు పెట్టి నిదానంగా లేపాలనీ తల్లి నేర్పింది. ఏడేళ్ళకే వాడకట్టంతా ఆమెను పిలిచేది. “బడికి వోతుంటే ఎదురొచ్చి బర్రె ముంగట నిలవెడ్తుండిరి. గందుకే నాకు అక్షరాలు రాలే, గోమార్లొచ్చినయి,” అంది. అందులో బాధ ఏమీ వినపడలేదు నాకు.

పెళ్ళయి ఆలూర్ దాటి గోదావరి ఒడ్డు ఊరికి వచ్చింది. పెనిమిటి పోయి పన్నెండేళ్ళు. పసుపు తవ్వే రోజుల్లో కూలి: కొమ్ములు ఉడకబెట్టడం, కళ్ళంలో ఆరబోయడం, చివరికి ఇనుప డ్రమ్ములో వేసి తిప్పి పొట్టు రాల్చడం. మిగతా నెలల్లో పద్నాలుగు మేకలు, వాటి వెంట ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి తన్నే ఒడ్డు.

ఆ ఒడ్డున ఆరేళ్ళ కింద ఒక పొద్దున రెండు జంతువులు ఇసకలో పొర్లుతూ కనిపించాయి. ముంగిసలేమో అనుకుంది, కానీ తోక బల్లపరుపుగా ఉంది, కాళ్ళ వేళ్ళ మధ్య బాతుకున్నట్టు తోలుంది. ఊళ్ళో ఎనభై ఏళ్ళ చాకలి ముసలాయన చెబితే తెలిసింది. అవి నీటికుక్కలు, ఆయన చిన్నతనంలో గుంపులుగా తిరిగేవి, తోలు కోసం కొందరు, చేపలు తింటున్నాయని కొందరు పట్టి పట్టి చంపేస్తే మాయమైపోయాయి. ఆ రెండూ ఏటి ఎగువన ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. పోయిన ఏడాదికి ఏడయ్యాయి.

బంగాళం వైపు జాలర్లు వీటిని తాళ్ళతో పడవకు కట్టి పెంచుకుంటారనీ, అవి చేపల్ని తరిమి వలలోకి తోలుతాయనీ నేను చదివాను. ఆ మాట భాగ్యవ్వకు చెబితే ఎగాదిగా చూసింది. “గా ముచ్చట గంగాకిషన్‌కు చెప్పకు సారు. రేపే తాళ్ళు తెస్తడు.”

గంగాకిషన్ ఆ ఊరి చేపల సొసైటీకి పెద్ద. నీటికుక్కలు వలలు చించుతున్నాయని ఆయనకు కోపం. వాటి బొరియ మూతికి రాళ్ళు పెడదామని సొసైటీలో రెండుసార్లు మాట వచ్చింది. మేకల కర్ర అడ్డం పెట్టి భాగ్యవ్వ ఆపిందట. ఎందుకు ఆపావని అడిగాను. “పొద్దంత మేకలెంట ఒక్కదాన్నే. గవి ఒకదాన్నొకటి పిల్సుకుంటయి సారు, ఈలేసినట్టు. గా సప్పుడినుకుంట కూసుంటే పొద్దు వోతది,” అంది.

రెండేళ్ళ కింద దివ్యశ్రీ వచ్చింది. డిచ్‌పల్లిలో చదువుకుంటూ నీటికుక్కల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. చెట్లకు కెమెరాలు కట్టింది. ఆ బొమ్మల్లో నీటికుక్కల చెవుల దగ్గర, మెడ కింద బొడిపెల్లాంటివి కనిపించాయి. దివ్యశ్రీ ఏవో పుండ్లనుకుంది. భాగ్యవ్వ ఫోనులో చూసీ చూడగానే “గోమార్లు బిడ్డా” అంది.

ఇది మామూలు సంగతి కాదు. నీటికుక్క బొచ్చు ఎంత ఒత్తుగా ఉంటుందంటే నీళ్ళలో గంటసేపు ఈదినా చర్మం తడవదు. రోజుకు పదిసార్లు మునుగుతుంది, ఇసకలో పొర్లుతుంది, ఒకదాని ఒళ్ళు ఒకటి గోకి శుభ్రం చేస్తుంది. అలాంటి జంతువు ఒంటి మీద గోమారి ఎక్కువకాలం నిలవదు. నిలిచిందంటే ఒడ్డు మీద ఎక్కడో కొత్త తావు నుంచి పడుతున్నట్టు. గుంపు పెరుగుతున్న కొద్దీ ఒకే బొరియలో ఎక్కువ ఒళ్ళు, పురుగుకు ఎక్కువ తిండి. ఈ మాటలన్నీ దివ్యశ్రీవి. “మంది వెరిగితే పేన్లు వెర్గవా, పండుగకు సుట్టాలు దిగినట్టు,” అన్నది భాగ్యవ్వ.

జంతువుల్ని పట్టకుండా గోమార్లను లెక్కపెట్టడం ఎట్లా? రక్తం తాగి నిండిన గోమారి తనంతట తాను రాలిపోతుంది. పొర్లే ఇసకను జల్లించి ఏరాలి. దివ్యశ్రీ ఒక పూటంతా జల్లిస్తే రెండు దొరికాయి. భాగ్యవ్వ అరగంటలో పదకొండు ఏరి, అందులో ఏవి మేకవో ఏవి వేరేవో విడదీసి పెట్టింది. అప్పటినుంచి వారానికోసారి ఏరి సీసాల్లో వేయడం, నెలకోసారి డిచ్‌పల్లికి తీసుకెళ్ళి ఇవ్వడం ఆమె పని. నమూనా సీసా ఒకటి పోల్చుకోవడానికి ఆమె దగ్గరే ఉంటుంది. సేటు పారిపోయింది దాన్ని చూసే.

ఇక్కడి వరకు నవ్వుతూనే చెప్పింది. తర్వాతి సంగతికి గొంతు తగ్గించింది.

సంక్రాంతి తర్వాత బొరియలోంచి మూడు పిల్లలు బయటికొచ్చాయి. రెండు బాగున్నాయి. మూడోది వెనకబడేది. దాని ఎడమ చెవి చుట్టూ గోమార్లు గుత్తిగా పట్టి ఉండడం కెమెరాలో తేటగా కనిపించింది. దివ్యశ్రీ అప్పుడు ఊళ్ళో లేదు, ఏదో సభకు పోయింది. అది పసుపు డ్రమ్ములు తిరిగే కాలం. మేకల చెవుల్లో గోమార్లు పడితే ఆ వైపు వాళ్ళందరూ చేసేదే భాగ్యవ్వ చేసింది. డ్రమ్ము కింద రాలిన పసుపు పొట్టు బస్తా తెచ్చి, వేపనూనెలో కలిపి, నీటికుక్కలు పొర్లే ఇసకంతా పరిచింది. నలభై ఏళ్ళుగా మేకల కొట్టంలో తప్పని మందు అది. పిల్ల వచ్చి పొర్లితే చెవికంటిన గోమార్లు రాలిపోతాయనుకుంది.

మర్నాడు నీటికుక్కలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

“గంగాకిషన్ పీడ వోయిందన్నడు. నాకు బుక్క దిగలే. తొమ్మిదొద్దులు పొద్దుమాపు వోయి కూసున్న. ఒక్క ఈల ఇనవడలే. బిడ్డకు ఫోన్ జేసి చెప్పిన, నేనే జేసిన, నన్ను తిట్టు అని.”

“తిట్టిందా?”

“తిడితే మంచిగుండు. సల్లగ చెప్పింది.”

దివ్యశ్రీ చెప్పింది ఇది. నీటికుక్కలు ఒకే చోట దొడ్డికి పోయి ఆ వాసనతో తమ తావును గుర్తుపడతాయి. పసుపు పొట్టు ఆ వాసనను కప్పేసింది. అంతకంటే పెద్ద సంగతి నూనెది. నూనె అంటితే బొచ్చు అట్టకడుతుంది, నీళ్ళు చర్మానికి దిగుతాయి. మాఘమాసపు నీళ్ళలో పెద్దది ఎట్లాగో తట్టుకుంటుంది. నీరసంగా ఉన్న పిల్ల తట్టుకోదు. ఆ పిల్ల నూనె ఇసకలో పొర్లిందా లేదా అన్నది ఏ కెమెరాలోనూ పడలేదు.

భాగ్యవ్వ మూడు రోజులు గంపతో ఆ పచ్చ ఇసకనంతా ఎత్తి దూరంగా గుంత తీసి పూడ్చింది. ఏటి నడుమ దిబ్బ నుంచి మంచి ఇసక మోసుకొచ్చి పరిచింది. అట్లా వంగి పనిచేస్తున్నప్పుడే ఆమెకు అసలు సంగతి కళ్ళబడింది. బొరియకు పైన రేగుపొదల కింద నేల నున్నగా తొక్కి ఉంది. ఊరకుక్కలు పడుకునే చోటు. కుక్కలు అక్కడికి ఎందుకొస్తున్నాయి? సొసైటీ వాళ్ళు చేపల పేగులు, పొలుసు పారబోసేది అక్కడే కాబట్టి. మిట్టమధ్యాహ్నం ఆమె మేకలు నీడకు చేరేదీ ఆ పొదల కిందికే. ఆ మట్టిలో వేలు పెట్టి కెలికితే గోమారి పిల్లలు దుమ్ములా లేచాయి.

“అంటే సగం కుక్కలవి, సగం నావి,” అంది. “నేనే పురుగు దెచ్చి, నేనే మందు వోసిన.”

మేకల్ని ఊరికి అవతలి బీడుకు మార్చింది. అక్కడ మేత తక్కువ, నడక ఎక్కువ. నీళ్ళు మోసుకుపోవాలి. గంగాకిషన్ ఇంటికి పోయి, సొసైటీ వాళ్ళంతా ఉండగా, తప్పు తనదేనని మొదట చెప్పి, ఆ తర్వాత చేపల పేగుల మాట ఎత్తింది. తగువుకు సిద్ధపడి వెళ్ళింది కానీ గంగాకిషన్ తగువు పెట్టుకోలేదు. తెల్లారి ఇద్దర్ని వెంటబెట్టుకుని తానే పార పట్టుకుని గుంత తీశాడు. ఆ రోజు నుంచి పేగులు గుంతలోకే.

పదో రోజున నీటికుక్కలు వచ్చాయి. పెద్దవి ఐదు, పిల్లలు రెండు. రెండు పెద్దవీ, ఆ మూడో పిల్లా లేవు. గుంపు రెండుగా చీలి అవతలి ఒడ్డున ఇంకో బొరియ చూసుకుని ఉండొచ్చునంది దివ్యశ్రీ. ఉండొచ్చు అన్న మాట పట్టుకుని భాగ్యవ్వ నెల రోజులుగా బతుకుతోంది. ఇప్పుడు గంగాకిషన్ ఫోను చేసి మూడు కనిపించాయన్నాడు.

బస్సు వచ్చింది. నిలబడే ఆర్మూర్ చేరాం. ఆర్మూర్ మార్కెట్‌లో చూద్దామని నేను బయల్దేరిన పసుపు బస్తాలు దారి పొడుగునా లారీల్లోనే కనిపించాయి. బస్టాండు దగ్గర ఆమె అంత తొందరలోనూ ఒక దుకాణం ముందు ఆగి, వల అల్లే నైలాన్ దారం రెండు ఉండలు కొంది. ఆలూర్ వైపు ఆటో ఎక్కుతుంటే నేనూ ఎక్కాను.

“నువ్వేడికి సారు?”

“మీతోనే. లెక్కపెట్టడానికి ఇంకో జత కళ్ళు ఉంటే మంచిదే కదా.”

“కండ్లద్దాలు తుడుసుకో అయితే,” అని జరిగి చోటిచ్చింది.

ఏటి ఒడ్డుకు చేరేసరికి ఎండ పసిమి తేలింది. గంగాకిషన్ చిరిగిన వలను మోకాళ్ళ మీద పరుచుకుని కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు. నన్ను చూసి, “ఈ సారెవలు వదినె, ఫారెస్టోళ్ళా?” అన్నాడు.

“కాదు, లెక్కలోడు. నువ్వు లెక్క తప్పుతవని దెచ్చుకున్న.”

“మూడే వదినె. నా కండ్లకేమైంది.”

“నీ కండ్ల సంగతి నాకు తెల్వదా. నీ పెండ్లప్పుడు నా చెల్లెను జూసి పెండ్లిపిల్లన్నవు.”

గంగాకిషన్ నవ్వాడు. ఆమె దారం ఉండలు తీసి అతని ఒళ్ళో పెట్టింది. అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిదెందుకు వదినె, మా దగ్గర లేదా దారం?”

“గవి చించిన వల నేను కుడ్త. గుంత తీసినవు, యాది వెట్టుకుని ఫోన్ జేసినవు. ఎవలు జేస్తరు గట్ల?” అని ఆమె వల చివర పట్టుకుని అతనికి ఎదురుగా కూర్చుంది. అతను వల సగం అటు జరిపాడు. ఒకప్పుడు ఆ బొరియకు రాళ్ళు పెడదామన్న మనిషీ, కర్ర అడ్డం పెట్టిన మనిషీ ఒకే చిరుగుకు రెండు వైపుల నుంచి ముళ్ళు వేస్తుంటే చూడడం నాకు ఆ ప్రయాణంలో దొరికిన గొప్ప కానుక. దొరుకుతుందని తెలిసి ఎవరం బయల్దేరం కదా.

కాసేపటికి ఈల వినిపించింది.

ముందు నీళ్ళ మీద గీతలు కనిపించాయి, తర్వాత తలలు. ఒకటొకటిగా ఒడ్డెక్కి నీళ్ళు దులుపుకుని ఇసకలో పడి పొర్లడం మొదలుపెట్టాయి. నేను పెద్దవాటిని ఏడు లెక్కపెట్టాను. పిల్లలు రెండు. ఒకదాని మీద ఒకటి పడి కొట్లాడుకుంటున్నాయి. భాగ్యవ్వ చేతిలో ముడి సగంలో ఆగిపోయింది.

“రెండే,” అంది, పెదాలు కదిలీ కదలకుండా.

గంగాకిషన్ గడ్డం చాచి అవతలికి చూపించాడు.

ఇంకో పెద్ద నీటికుక్క ఒడ్డెక్కలేదేమో అనుకున్నాను, కానీ పెద్దవి ఏడూ ఇసకలోనే ఉన్నాయి. నీళ్ళలో తల మాత్రమే తేలుతూ వస్తోంది. ఇసక అంచుకు రాగానే తేలిగ్గా పైకి గెంతింది. పిల్ల. ఎడమ చెవి అంచు వెంట్రుకలు లేకుండా నున్నగా, కొంచెం నొక్కుకుపోయి ఉంది. ఆ చెవి మీద ఏమీ లేదు. ఒళ్ళు దులిపితే నీళ్ళు చినుకులై ఎగిరిపోయాయి, లోపలి బొచ్చు పొడిగా నిలబడింది. అది వచ్చి నేరుగా ఆ కొట్లాట మధ్యలోకి దూరి, వాటిలో ఒకదాని ముందుకాళ్ళ మధ్య ఉన్న చేపముక్క లాక్కుంది.

నేను భాగ్యవ్వ వైపు చూశాను. కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. ఆమె పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో తన చెవి అంచును తడుముకుంటోంది, ఎక్కడో తనకే నొప్పి తగ్గినట్టు.

“జూసినవా, బొచ్చు జూసినవా,” అంది మెల్లగా. అడిగింది నన్నో గంగాకిషన్‌నో తెలియలేదు. “పొడిగున్నది.”

“జూసిన వదినె.”

“దొంగముండ, గా చేప జూడు ఎట్ల గుంజుకున్నదో.”

గుంపు కాసేపు పొర్లి, ఎవరో పిలిచినట్టు ఒక్కసారి లేచి మళ్ళీ నీళ్ళలోకి జారింది. ఒడ్డు వెంబడి దిగువకు పోతోంది. మూడు చిన్న తలలు, చుట్టూ పెద్దవి. భాగ్యవ్వ వల వదిలేసి లేచింది. చీర కుచ్చెళ్ళు నడుముకు దోపింది. మా ఇద్దర్లో ఎవరికీ ఏ మాటా చెప్పకుండా ఒడ్డు పట్టుకుని వాటి వెంట నడవసాగింది, అవి ఎంత వేగంగా ఈదితే తానూ అంత వేగంగా.

“వదినె, చెప్పులు,” అన్నాడు గంగాకిషన్, పెద్దగా అరవకుండా.

ఆమె తడి ఇసక మీద వట్టి కాళ్ళతో వంపు తిరిగిపోయింది.